నాన్న హెచ్‌ఎంటీ వాచీకి రిపేరు చేయించండి, మేకప్ వద్దు

ప్రశ్న: మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, రెండేళ్ళ కిందట పోయారు. 1978లో పెళ్ళికి మా అమ్మమ్మ వాళ్ళు పెట్టిన హెచ్‌ఎంటీ జనతా వాచీ సర్వీసు మొత్తం ఆయన చేతికే ఉండేది. ఈమధ్య బీరువా సర్దుతుంటే దొరికింది. కీ ఇస్తే నాలుగు గంటలు నడిచి ఆగిపోతోంది. రోజూ ఇచ్చి చూస్తున్నాను, అంతే. డయల్ పసుపు తిరిగింది, 4 అంకె దగ్గర మచ్చ ఉంది, గ్లాసు నిండా గీతలు, కేసు ఎడమ అంచున పూత పోయి ఇత్తడి కనిపిస్తోంది. మా ఊళ్ళో షాపతను డయల్ కొత్తగా రాయించి, కేసు పాలిష్ కొట్టి కొత్త పీసులా చేసిస్తా, 1,500 అవుతుంది అన్నాడు. బావగారేమో లోపల బ్యాటరీ మెషిన్ పెట్టించు, కీ తిప్పే గోలే ఉండదు అంటున్నారు. చెల్లెలు అసలు ముట్టుకోవద్దంటోంది. నాకేమో పండగలకీ పెళ్ళిళ్ళకీ చేతికి పెట్టుకోవాలని ఉంది. ఏం చేయమంటారు? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ షాపతనికి వాచీ ఇంకా ఇవ్వలేదనే అనుకుంటున్నాను. ఒకవేళ ఇచ్చి ఉంటే మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు ఫోన్ చేసి డయల్ ముట్టుకోవద్దని చెప్పేయండి.

ఇక మీ ఇంట్లో ఉన్న మూడు అభిప్రాయాల్లో నేను మీ చెల్లెలి పక్షం, కానీ సగమే. పైపైన ఏమీ ముట్టుకోవద్దన్న వరకు ఆవిడ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. లోపలి మెషిన్ మాత్రం ముట్టుకోకపోతేనే పాడవుతుంది, అదీ మీరు రోజూ కీ ఇచ్చి పరీక్షిస్తున్నారు కాబట్టి ఇంకా తొందరగా పాడవుతుంది. ఇవాళ్టి నుంచి అది ఆపేయండి. ఎందుకో చెప్తాను.

మెషిన్‌లో చక్రాల ఇరుసుల కొసలు కొన్నిచోట్ల వెంట్రుకంత మందమే ఉంటాయి. అవి చిన్న చిన్న ఎర్ర రాళ్ళలో తిరుగుతాయి, 17 జ్యూయల్స్ అనేది వాటి లెక్కే (ఫ్యాక్టరీలో చేసిన కెంపులు లెండి, తీసి అమ్ముకుంటే ఏమీ రాదు). రాయికీ ఇరుసుకీ మధ్య కంటికి ఆనీ ఆనని నూనె ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది కొంత ఎండిపోతుంది, కొంత జిగురై గట్టిపడుతుంది. అప్పుడు తిప్పితే అరిగిన ఉక్కు పొడి, ఆ జిగురు కలిసి ఇరుసు మీద ఆకురాయిలా పని చేస్తాయి. జనతాలో బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగుతూ వాచీ నడకని పట్టి ఉంచేది) గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది. అంటే మీరు చూద్దాంలే అని నాలుగు గంటలు నడిపిన ప్రతిసారీ 72,000 దెబ్బలు, అన్నీ ఎండిపోయిన ఇరుసుల మీదే. పూర్తిగా కీ ఇస్తే రోజున్నర దాకా నడవాల్సిన వాచీ నాలుగు గంటలకే ఆగుతోందంటే చాలామటుకు కారణం ఈ ఎండిన నూనే, లేదా కీ ఇచ్చినప్పుడు లోపల చుట్టుకునే మెయిన్ స్ప్రింగు పాతబడి బలం తగ్గడం. రెండూ బాగయ్యేవే, టెన్షన్ పడక్కర్లేదు. మనవాళ్ళు కీ ఎక్కువ ఇచ్చేశాం, అందుకే బిగుసుకుపోయింది అంటారు చూడండి, అది ఉత్తమాట. నిండా కీ ఉండి కూడా కదలట్లేదంటే స్ప్రింగు తప్పేం లేదు, ఆ బలం చక్రాల దాకా అందట్లేదు, అంతే.

ఇప్పుడు డయల్. కొత్తగా రాయించడమంటే ఏం చేస్తారో మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఉన్న రంగు, అక్షరాలు మొత్తం మందు పెట్టి కింద లోహం కనిపించేదాకా గీకేస్తారు. దాని మీద కొత్త రంగు కొట్టి, అంకెలూ పేరూ మళ్ళీ అచ్చు వేస్తారు. అంటే మీ నాన్నగారు ఇన్నేళ్ళు టైమ్ చూసుకున్న డయల్ ఇక ఉండదు, దాని రేకు మాత్రం మిగులుతుంది. అదైనా నీటుగా వస్తుందా అంటే చాలాసార్లు రాదు. ఇలా రంగులేసిన పాత హెచ్‌ఎంటీలు ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతాయి, కాస్త అలవాటైన కంటికి దూరం నుంచే తెలిసిపోతాయి. 'జనతా' అనే హిందీ అక్షరాలు లావుగా, పైన గీత అతుకు పడినట్టు ఉంటాయి. అంచు చుట్టూ నిమిషాల గీతలు గంట గుర్తులకి సరిగ్గా ఎదురు రావు. 6 కింద అంచున ఉండే చీమతలకాయంత అక్షరాలు అలికేసినట్టుంటాయి, లేకపోతే అసలు ఉండవు. రంగు మాత్రం తళతళలాడుతూ ఉంటుంది, అంత పాత వాచీకి ఉండకూడనంత తళతళ.

మీ డయల్ పసుపు తిరగడం జబ్బేమీ కాదు. రంగు మీద వేసిన పల్చటి వార్నిష్ వెలుతురుకీ వయసుకీ అలా తిరుగుతుంది, దాదాపు అన్నిటికీ అంతే. ఆ 4 దగ్గర మచ్చ సంగతే నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. కీ ఉండేది 3 దగ్గర. చెమటైనా వాన నీరైనా లోపలికి పోయే దారి ముఖ్యంగా అదే, కీ కాడ పక్కన ఉన్న సందు. కాకినాడ ఉక్కపోతలో, కిక్కిరిసిన బస్సులో, చెయ్యెత్తి టికెట్లు కొట్టుకుంటూ పోయే మనిషి చెమట మణికట్టు మీదుగా ఎక్కడికి చేరుతుందో ఊహించుకోండి. అందుకని ఆ మచ్చని తుడిపించే ఆలోచన మానేసి మెకానిక్‌కి ఇలా చెప్పండి: డయల్ తీసినప్పుడు ఆ మచ్చ కింద, కీ కాడ దగ్గర ఉన్న భాగాలకి తుప్పు పట్టిందేమో చూడమనండి. పైన మచ్చ ఉంటే ఉండనివ్వండి, కింద తుప్పుంటే మాత్రం పెరుగుతూ పోతుంది. డయల్ మీద తడి దూది, స్పిరిట్, గుడ్డ ఏదీ తగలకూడదు. ఆ వార్నిష్ కింద అక్షరాలు ఎప్పుడు లేచి వస్తాయో ఎవరూ చెప్పలేరు, ఒక్క తుడుపుకి సగం 'జనతా' పోవచ్చు. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము దులిపితే చాలు.

మీ బావగారి సలహా విషయానికొస్తే, ఆయన మీ మంచికే చెప్పారు కానీ అసలు చిక్కు ఆయనకి తెలిసుండదు. బ్యాటరీ మెషిన్ ఈ కేసులో ఊరికే కూర్చోదు. డయల్ వెనక రెండు చిన్న కాళ్ళుంటాయి, అవి పాత మెషిన్ చిల్లుల్లోకి దిగి డయల్‌ని పట్టుకుంటాయి. కొత్త మెషిన్‌కి ఆ చిల్లులు అక్కడ ఉండవు కాబట్టి కాళ్ళు కత్తిరించి గమ్ముతో అంటించేస్తారు. ముళ్ళ చిల్లులు కూడా కలవవు, కాబట్టి ముళ్ళు మారతాయి. కీ కాడ ఎత్తు కలవకపోతే కేసుకి ఉన్న చిల్లు పెద్దది చేస్తారు. ఇక మీ దగ్గర మిగిలేది జనతా అని రాసున్న ఓ పెంకు. పైగా హెచ్‌ఎంటీని దెబ్బ కొట్టిందే ఆ బ్యాటరీ వాచీలు! 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి, మొదటి వాచీలు నెహ్రూ చేతుల మీదుగా విడుదలై, ఒకప్పుడు దేశం మొత్తానికి టైమ్ చెప్పిన కంపెనీ. ఎనభైల చివర్లో టైటాన్ క్వార్ట్జ్ వాచీలతో, అంటే బ్యాటరీ వాచీలతో, వచ్చాక కోలుకోలేదు, 2016లో ప్రభుత్వం వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించేసింది. ఆ బ్యాటరీనే తెచ్చి జనతా పొట్టలో పెట్టమంటే ఎలా చెప్పండి.

కేసు పాలిష్ కూడా వద్దు, దీనికి కారణం సెంటిమెంటు కూడా కాదు. జనతా కేసు ఇత్తడి, పైన పల్చగా క్రోమ్ పూత. స్టీలు కేసయితే కాస్త రుద్దినా కింద స్టీలే ఉంటుంది. దీన్ని బఫింగ్ చక్రానికి పెడితే ఉన్న క్రోమ్ కాస్తా లేచిపోయి, ఇప్పుడు ఒక అంచున కనిపించే ఇత్తడి వాచీ అంతా కనిపిస్తుంది. మళ్ళీ పూత వేయాలంటే ముందు బాగా రుద్దాలి, రుద్దితే అంచుల పదును పోయి కేసు సబ్బు బిళ్ళ అవుతుంది. మీరు పంపిన ఫోటోలో అరిగింది ఒక్క ఎడమ వైపే, అదీ వాలుగా. కండక్టరు అన్నారు కాబట్టి క్యాష్ బ్యాగు పట్టీకి రోజంతా రాసుకుని అలా అయిందని నా అనుమానం, మీ అమ్మగారిని అడిగి చూడండి, బ్యాగు ఏ భుజానికి వేసుకునేవారో ఆవిడకి గుర్తుంటుంది. ఇత్తడి బయటపడ్డ చోట చెమట తగిలితే పచ్చగా చిలుము పడుతుంది, వాచీ తీసిన ప్రతిసారీ మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. మెషిన్ బయటికి తీసినప్పుడు ఖాళీ కేసునీ వెనక మూతనీ సబ్బు నీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో కడగమనండి. బెల్టు పుల్లల దగ్గర పేరుకున్న నల్లటి మట్టి పోతే చాలు, సగం అందం అక్కడే తిరిగొస్తుంది.

మూత అన్నాను కదా, అది తీయగానే లోపలి వైపు ఒక ఫోటో తీసుకోండి. బాగా వెలుతురులో, కాస్త ఏటవాలుగా పెట్టి చూస్తే సూదితో గీసిన సన్నటి అంకెలు, అక్షరాలు కనిపించొచ్చు. పాతకాలం మెకానిక్కులు చాలామంది సర్వీసింగ్ చేసిన ప్రతిసారీ తేదీ, తమ గుర్తు అక్కడ గీసేవారు, మళ్ళీ అదే వాచీ వస్తే ఎప్పుడు చేశామో తెలియడానికి. ఒక్కో మూతలో నాలుగైదు చేతిరాతలు కూడా ఉంటాయి. మీ నాన్నగారు ఈ వాచీని ఏ ఏడాది ఎవరి దగ్గరికి పట్టుకెళ్ళారో చెప్పే కాగితం ఇంట్లో ఉండదు, ఉంటే అక్కడే ఉంటుంది. లోపల మెరిసేలా చేద్దామని దాన్ని రుద్దించకండి. ఇప్పుడు చేసే మెకానిక్‌ని కూడా ఒక మూల తన తేదీ గీయమనండి, నాకు అభ్యంతరం లేని కొత్త గీత అదొక్కటే.

గ్లాసు దగ్గర మాత్రం ఇంత పట్టింపు అక్కర్లేదు. అది అద్దం కాదు, ఆక్రిలిక్. గీతలు పడటం దాని నైజం, మెత్తటి పాలిష్ పేస్టుతో రుద్దితే చాలా గీతలు పోతాయి, ఇంట్లో ఉండే తెల్లటి టూత్‌పేస్టు కూడా పని చేస్తుంది (జెల్ రకం కాదు). కానీ మీరు ఇంట్లో రుద్దకండి, అంచుల నుంచి తడి లోపలికి పోతుంది, గ్లాసు విప్పినప్పుడు మెకానికే రుద్దాలి. పగులుంటే మార్పించేయండి. అరిగిపోయే వస్తువులు మార్చినంత మాత్రాన వాచీ అసలుదనం పోదు: గ్లాసు, మెయిన్ స్ప్రింగు, వాషరు, బెల్టు. కీ పళ్ళు బాగా అరిగి వేలికి జారుతుంటే కీ కూడా. ముళ్ళు మాత్రం కాస్త మచ్చలున్నా అవే ఉంచండి. తీసిన ప్రతి పాత ముక్కనీ, తెగిన స్ప్రింగుతో సహా, ఒక కవర్లో వేసి తిరిగిమ్మని ముందే చెప్పండి. దీనివల్ల ఇంకో లాభముంది, ఏం మార్చాడో ఏం మార్చలేదో కళ్ళకి కనిపిస్తుంది.

మెషిన్ విడిభాగాల గురించి బెంగ వద్దు. హెచ్‌ఎంటీలు ఎన్ని అమ్ముడయ్యాయంటే ఏ ఊళ్ళో పాత మెకానిక్ డబ్బాలో చూసినా రెండు మూడు చచ్చిపోయిన మెషిన్లు దొరుకుతాయి. ఆ పేరుకి ఎంత గిరాకీ అంటే మనం వండుకునే హెచ్‌ఎంటీ బియ్యం పేరు కూడా ఈ వాచీ నుంచి వచ్చిందే, మహారాష్ట్రలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు ఎంపిక చేసి పెంచిన వరి అది. సరే, విషయానికొస్తే, జనతాల్లో ఎక్కువగా ఉండేది 0231 మెషిన్, నంబరు దాని మీదే కొట్టి ఉంటుంది. బ్యాలెన్స్ ఇరుసు విరిగినా, ఏదైనా చక్రం పాడైనా అదే నంబరున్న ఇంకో పాత మెషిన్ నుంచి ఆ ఒక్క ముక్క తీసి వేయొచ్చు. మెషిన్ మొత్తం మార్చేస్తే పని తొందరగా అవుతుందని కొందరు అంటారు, ఒప్పుకోకండి. అడక్కపోతే చెప్పకుండా మార్చేసేవాళ్ళూ ఉన్నారు, అందుకే ఇచ్చే ముందు మూత తీయించి మెషిన్ ఫోటో కూడా తీసుకోమనేది.

ఎవరికి ఇవ్వాలి అన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. బ్యాటరీలు, బెల్టులు మార్చే షాపులు వీధికొకటి ఉన్నాయి, కీ వాచీ పూర్తిగా విప్పి బిగించగలిగిన చేతులు తగ్గిపోతున్నాయి. మీకు దగ్గర్లో రాజమండ్రి, విజయవాడ బీసెంట్ రోడ్డు వైపు వెతకండి, హైదరాబాద్ వెళ్ళే పనుంటే అబిడ్స్, కోఠి చుట్టుపక్కల. తళతళలాడే షోరూం కంటే కంటికి ఐగ్లాస్ పెట్టుకుని మెట్ల కింద చిన్న బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన నయం కావచ్చు, అలాగని పెద్దాయన అయినంత మాత్రాన పని బాగుంటుందనీ కాదు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఆయిలింగ్ అంటే మెషిన్ మొత్తం విప్పి కడుగుతారా, లేక విప్పకుండా పెట్రోల్లో ముంచి తీసి నూనె చుక్కలేస్తారా?" రెండోదైతే నమస్కారం పెట్టి వచ్చేయండి. అలా ముంచితే మట్టి ఒక మూల నుంచి ఇంకో మూలకి పోతుంది తప్ప బయటికి రాదు. పద్ధతిగా చేసేవాళ్ళు చక్రాలకి పల్చటి నూనె, స్ప్రింగు దగ్గరా కీ దగ్గరా చిక్కటి నూనె లేదా గ్రీజు, ఇలా చోటుని బట్టి వేరు వేరుగా వేస్తారు. ఏ నూనె వాడతారని అడగండి, మోబియస్ లాంటి వాచీ నూనె కంపెనీ పేరేదైనా వెంటనే చెప్తే మంచిది, కుట్టుమిషన్ నూనె అంటే మళ్ళీ నమస్కారమే. మీరు ఏం చేయొద్దంటున్నారో కాగితం మీద రాసి ఇవ్వండి, 'డయల్ తుడవొద్దు, పాలిష్ వద్దు, పాత ముక్కలు తిరిగివ్వాలి' అని మూడు ముక్కలు చాలు. నోటిమాటగా చెప్పింది వాచీ చేతులు మారేసరికి ఎవరికీ గుర్తుండదు.

డబ్బు సంగతి నిర్మొహమాటంగా చెప్పాలంటే, ఈ పనికి అయ్యే ఖర్చు బజార్లో ఇంకో మామూలు జనతా కొనే ధరకి సమానం కావచ్చు, దాటిపోవచ్చు కూడా. లాభనష్టాల లెక్క వేస్తే ఎవరూ చేయించరు. మీరు అమ్మడానికి చేయించట్లేదు కాబట్టి బేరం మీద కాకుండా మనిషి మీద దృష్టి పెట్టండి, వారం పది రోజులు టైమ్ అడిగితే ఇవ్వండి. బిగించిన వెంటనే ఇచ్చేసే వాచీ కంటే నాలుగు రోజులు తన దగ్గర నడిపి చూసి ఇచ్చే వాచీ నమ్మకం.

ఇంట్లో ఇంతకంటే పాత స్విస్ వాచీలు, 1950లు, అంతకుముందువి ఉన్నవాళ్ళకి మధ్యలో ఒక మాట. వాటి ముళ్ళ మీద, అంకెల మీద చీకట్లో మెరిసే పూత అప్పట్లో నిజంగా రేడియమే. ఇప్పుడు మెరవట్లేదు కదా అని గోటితో గీకకండి, మెరిపించే పదార్థం చచ్చిపోయింది కానీ రేడియం అలాగే ఉంది, దాని శక్తి సగం తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. పొడి రాలి ముక్కులోకి పోవడమే అసలు ప్రమాదం. మూత తీయకుండా, పిల్లలకి ఇవ్వకుండా ఉంచి, తెలిసిన మెకానిక్‌కి ముందే చెప్పి ఇవ్వండి.

మళ్ళీ మీ జనతా దగ్గరికి. తీసుకునేటప్పుడు వాచీ నడకని కొలిచే టైమ్‌గ్రాఫర్ మెషిన్ ఉంటే దాని మీద పెట్టి చూపించమనండి. నిండా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టినప్పుడు ఆంప్లిట్యూడ్ అనే అంకె (బ్యాలెన్స్ చక్రం ఎంత దూరం ఊగుతోందో చెప్పేది) 250, 270 డిగ్రీల దగ్గర ఉంటే భేష్. 200 లోపుంటే పని సగంలో ఉన్నట్టే, నిలదీయండి. ఆ మెషిన్ లేకపోయినా ఫరవాలేదు, ఇంటికి తెచ్చి పొద్దున కీ ఇచ్చి ఫోన్ టైముతో కలిపి పెట్టి మర్నాడు అదే టైముకి చూడండి. రోజుకి అర నిమిషం అటూ ఇటూ అయితే ఈ వయసు వాచీకి చాలా మంచి నడక. ఉన్నట్టుండి గంటకి ఐదు పది నిమిషాలు ముందుకి పరిగెడుతుంటే కంగారు పడకండి, హెయిర్ స్ప్రింగు (బ్యాలెన్స్ చక్రానికి ఉండే వెంట్రుకంత స్ప్రింగు) చుట్లు ఒకదానికొకటి అంటుకుంటున్నాయన్న మాట. నూనె ఎక్కువై అక్కడికి పాకి ఉంటుంది, లేదా అయస్కాంతం తగిలి ఉంటుంది. రెండోదైతే, అయస్కాంత గుణాన్ని పోగొట్టే డీమాగ్నటైజర్‌తో నిమిషంలో పోతుంది. ఫోన్ ఫ్లిప్ కవర్లకి ఉండే అయస్కాంతం, స్పీకర్ బాక్సు, వీటి పక్కన మాత్రం పెట్టకండి.

ఇక పెట్టుకోవడం. పెట్టుకోండి, మొహమాటం లేకుండా పెట్టుకోండి, మీ చెల్లెలికి ఈ జవాబు చూపించి ఒప్పించండి. కాకపోతే ఎండాకాలం పెళ్ళిళ్ళలో వడ్డనలకి దిగేటప్పుడు, వానలో బండి మీద వెళ్ళేటప్పుడు జేబులో వేసుకోండి. ఎంత బాగా సర్వీసింగ్ చేసినా ఈ వాచీలోకి నీళ్ళు వెళ్తాయి, ఆ 4 దగ్గర మచ్చ చెప్తున్నది అదే. చేతులు కడుక్కునే ముందు తీసేయండి. బెల్టు కొత్తది వేయించుకోండి, పాతది పారేయకండి. కీ ఇచ్చేటప్పుడు చేతి నుంచి తీసి ఇవ్వండి, పెట్టుకునే ఇస్తే కాడ ఒక పక్కకి లాగి అరుగుతుంది. బిగుతు తగలగానే ఆపేయండి. వాడని రోజుల్లో బీరువాలో సిలికా ప్యాకెట్ వేసిన డబ్బాలో పెట్టండి, రోజూ కీ ఇవ్వక్కర్లేదు, పండగలకి మాత్రమే వాడితే మళ్ళీ ఐదారేళ్ళ దాకా విప్పే పని కూడా ఉండదు.